కాలర్ పెద్దమ్మ, కారం పట్టీ

చొక్కా ముందుగా పాతబడేది కాలరు దగ్గరే. మిగతా ఒళ్ళంతా నిక్షేపంలా ఉంటుంది, మెడ మడత దగ్గర మాత్రం దారాలు లేచి తెల్లబడిపోతుంది. అలాంటి చొక్కాను పారేయనివ్వకుండా, కాలరు విప్పి, తిరగేసి, మళ్ళీ కుట్టి ఇచ్చేవాళ్ళు ఇప్పుడు అరుదు. నాకు తెలిసినంతలో ఒక్కావిడ ఉంది. బస్సు డిపో వెనక వీధిలో సైకిళ్ళ షాపు పక్కనుంచి ఇరవై మెట్లెక్కితే రెండు కిటికీల గది వస్తుంది, ఇల్లూ పనిచోటూ అదే. ఆ గదిలో ముప్పై ఏళ్ళుగా కాలర్లే కుడుతోంది. వీధి వీధంతా ఆవిణ్ణి కాలర్ పెద్దమ్మ అంటుంది.

కిటికీ దగ్గర ఆవిడ మిషను. గోడవారగా ఇస్త్రీ బల్ల. ఆ బల్ల ఆవిడ వదినది, అంటే భర్త అక్కగారిది. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. వదినా మరదళ్ళు మాత్రం ఆ గదిని వదల్లేదు, ఒకరినొకరు దెప్పుకోవడమూ మానలేదు. ఒకరు కుడతారు, ఒకరు ఇస్త్రీ చేస్తారు, ఇద్దరూ మాట్లాడతారు. చొక్కాలివ్వడానికి వచ్చినవాళ్ళు పని అయిపోయాక కూడా కాసేపు స్టూలు మీద కూర్చుండిపోయేది ఆ మాటల కోసమే. నేనూ అంతే.

ఈమధ్య రెండు చొక్కాలు పట్టుకుని వెళితే గోడ మేకుకు ఒక అచ్చు కాగితం వేలాడుతోంది. సన్నటి అక్షరాలు, నాలుగు మడతల గుర్తులు, మధ్యలో గుండ్రంగా నొక్కుకుపోయిన మచ్చ. దాని వెనక, కాలర్లలో బిరుసుకి వేసే బక్రం అంటించి అట్టలా చేశారు. ఏమిటది పెద్దమ్మా అని అడిగాను.

"అదా? మా గురువు," అంది దారం కొరుకుతూ.

"నన్ను తిట్టడానికి దానికో సాకు," అంది వదిన బల్ల దగ్గర్నుంచి.

తర్వాత ఇద్దరూ కలిసి, ఒకరి మాట ఒకరు అందుకుంటూ చెప్పిన కథ ఇది.

కిందటి వానాకాలంలో పెద్దమ్మ కుడి భుజం మీది నుంచి వెనక రెక్క ఎముక దాకా బొబ్బలు లేచాయి. బెత్తెడు వెడల్పున ఒక వారలాగా, ఒకే పక్కన. మెడలో వేసుకునే కొలత టేపు ఒరుసుకుని వచ్చిందేమో అనుకున్నారు ముందు. వదిన పౌడరు అద్దింది. రెండో రోజుకి మంట ఎక్కువై ఆస్పత్రికి వెళితే, ఇది సర్పి అని చెప్పి డాక్టరు మాత్రలు రాశాడు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ క్రిమి నరాల్లో ఎక్కడో నిద్రపోయి, వయసు మళ్ళాక ఇలా లేస్తుందట. మూడు వారాలకు బొబ్బలు ఎండి రాలిపోయాయి. ఆ చోట లేత గులాబీ రంగు మచ్చలు మిగిలాయి.

నొప్పి మాత్రం పోలేదు.

"చూడ్డానికి ఏమీ ఉండదు, అదే చిత్రం," అంది పెద్దమ్మ. "గట్టిగా నొక్కితే ఓర్చుకోగలను. బట్ట మెల్లిగా తగిలిందా, నిప్పురవ్వ పడ్డట్టుండేది. ఫ్యాను గాలికి కూడా ఉలిక్కిపడేదాన్ని."

క్రిమి పోతూ పోతూ నరాన్ని గాయపరిచిందనీ, అందుకే తగలని మంటను కూడా తగిలినట్టు చెబుతోందనీ డాక్టరు వివరించాడు. పేరేదైతేనేం, ముప్పై ఏళ్ళు గుడ్డల మధ్య బతికిన మనిషికి ఒంటిమీద గుడ్డ నిలవకుండా పోయింది. భర్త పాత చొక్కా ఒకటి తీసి, కుడి భుజం మేర కత్తిరించి, ఆ కత్తిరించిన అంచును కూడా శుభ్రంగా మడిచి కుట్టి, ఇంట్లో అదే వేసుకునేది.

"మా తమ్ముడి చొక్కాకి ఒక భుజం ఎగరగొట్టింది," అంది వదిన. "వాడుంటే రెండోది కూడా ఇచ్చేసేవాడనుకో."

కాలరు కుట్టాలంటే కుడిచేత్తో గుడ్డను ముందుకు తోస్తూ ఉండాలి. తోసినప్పుడల్లా భుజం మీద బట్ట కదులుతుంది. రోజుకు ఇరవై కాలర్లు తిప్పే మనిషి ఆరు దగ్గర ఆగిపోయింది, తర్వాత మూడు. దర్జీ మనిషికి టేపు మెడలో ఉండాలి, అది ఆవిడకి తాళంచెవుల గుత్తిలాంటిది. ఆ టేపు కొస వెనక్కి జారి సరిగ్గా ఆ చోటే తగులుతోందని తీసి మేకుకు వేసింది. ఒకరోజు మిషను మీద ముసుగు కప్పేసి, "వదినా, బట్ట తగిలితే ఓర్చుకోలేనిదాన్ని ఇక బట్టల పనేం చేస్తాను? ఈ నెలాఖరుకి మిషను ఎవరికైనా ఇచ్చేద్దాం," అంది.

వదిన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వచ్చి ఆ ముసుగు లాగేసింది. "ఎవరికి ఇస్తావే? అది నీ మాట తప్ప ఇంకొకళ్ళ మాట వినదు. ముందు ఇంకోసారి డాక్టరు దగ్గరికి పద."

డాక్టరు రాత్రిపూట వేసుకునే మాత్ర ఒకటి రాసి, దాంతోపాటు తక్కువ మోతాదు క్యాప్సైసిన్ పట్టీలు వాడి చూడమన్నాడు. మిరపకాయకు ఆ ఘాటు తెచ్చే పదార్థమే అది. చర్మం మీద కొన్నాళ్ళు పదేపదే తగిలితే, నొప్పిని మోసుకెళ్ళే నరాల కొసలు అలసిపోయి నెమ్మదిస్తాయట. మొదట్లో కాస్త వెచ్చగా, చురుక్కుమన్నట్టుగా ఉండడం మామూలే, కాగితం చదివి వాడండి అన్నాడు.

వదిన ఎదురుగా ఉన్న మందుల షాపు నుంచి పెట్టె తెచ్చింది. ఆ షాపావిడ కూడా, "లోపల కాగితం ఉంది, చదువుకోండి," అని మరీ చెప్పి ఇచ్చింది. పెట్టె విప్పేసరికి పెద్దమ్మ మిషను వెనక కాలు నేల మీద ఆనక గడగడమంటోంది. నాలుగు మడతలు పెట్టిన కాగితం చేతిలో సిద్ధంగా ఉంది, మందం కూడా సరిగ్గా సరిపోయింది. వదిన వంగి దాన్ని కాలి కింద దోపింది. మిషను కుదురుగా నిలబడింది. ఇద్దరూ ఎంతో సంతోషించారు.

"కారం పట్టీ అంటించడానికి కాగితం చదవాలా? వెనక తొక్క ఊడదీసి అంటించడమేగా అనుకున్నాను," అంది వదిన.

మొదటి నాలుగు రోజులు ఏ ఇబ్బందీ లేదు. వీపు వెనక పెద్దమ్మకి చెయ్యి అందదు కాబట్టి వదినే అంటించేది, సాయంత్రం వదినే తీసేది. కాస్త వెచ్చదనం, కాస్త ఊరట. ఐదో రోజు ఉక్కపోతకు చెమట పట్టి పట్టీ అంచు లేచింది. నొక్కితే అంటుకుని, మళ్ళీ లేస్తోంది.

ఇక్కడే, ఆ గదిలోని మనుషులు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు ఒకటి జరిగింది.

కాలరు బిరుసుగా నిలబడడానికి రెండు గుడ్డల మధ్య బక్రం పెడతారు. దానికి ఒకవైపు జిగురు ఉంటుంది. మామూలుగా నొక్కితే అది అంటుకోదు, వేడి తగిలితేనే కరిగి పట్టుకుంటుంది. ముప్పై ఏళ్ళుగా వదిన చేతులకు తెలిసిన సత్యం అది. తుండుగుడ్డను నాలుగు మడతలు వేసి, ఇస్త్రీపెట్టె కింద పెట్టి వేడెక్కించి, చేత్తో తాకి చూసి, మరీ వేడి లేదని నిర్ధారించుకుని, మరదలి వీపు మీద పట్టీకి ఆనించి పట్టుకుంది. ప్రేమగానే. అంచులు సర్దుతూ మరీ.

"ఒక నిమిషం హాయిగా ఉంది," అంది పెద్దమ్మ. "ఆ తర్వాత నా అరుపుకి కింద సైకిళ్ళాయన పంపు వదిలేసి పైకి చూశాడట."

వేడికి మందు ఒక్కసారిగా చర్మం లోపలికి దిగింది. వదిన కంగారుపడి ఉత్త చేతులతో పట్టీని పీకేసింది. మరదలు ఏడుస్తోంటే తనకూ కన్నీళ్ళొచ్చాయి. ఆ కన్నీళ్ళను ఆ చేత్తోనే తుడుచుకుంది.

"ఇక చూడండి," అంది వదిన. "వీపు పట్టుకుని అది, కన్ను పట్టుకుని నేను. తలుపు ఎక్కడుందో నాకు కనిపించదు, నన్ను పట్టి నడిపించడానికి దానికి చేతకాదు. ఒకళ్ళనొకళ్ళం పిలుచుకుంటూ గదంతా తిరిగాం."

అరుపులు విని మందుల షాపావిడ మెట్లెక్కి వచ్చింది. ఆవిడకి ఒక్క చూపు చాలింది. వదినను కుళాయి కింద కూర్చోబెట్టి, ముందు చేతులు సబ్బుతో కడిగించి, తర్వాత కన్ను తెరిచి నీటిధార కింద పెట్టమంది. "రుద్దొద్దు. పావుగంట అలాగే ఉండండి. కదిలారంటే నేనూరుకోను." పెద్దమ్మ వీపును చల్లటి నీళ్ళతో, సబ్బుతో మెల్లగా కడిగి, తడిగుడ్డ వేసింది. మంట ఓ మోస్తరుకు దిగాక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి అడిగింది.

"కాగితం చదివారా?"

వదిన తడిసిన కొంగు పిండుకుంటూ కూర్చుంది.

"ఏదీ కాగితం?"

పెద్దమ్మ వేలితో మిషను కాలు చూపించింది. షాపావిడ మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని బయటికి లాగింది. మిషను టక్కుమని ఒక పక్కకి ఒరిగింది. మడతలు విప్పి, దుమ్ము దులిపి, బడిలో పాఠం చెప్పినట్టు పైకి చదివింది: పొడిగా, శుభ్రంగా ఉన్న చర్మం మీదే అంటించాలి. పుండు మీద, గీరుకుపోయిన చోట వద్దు. వేడినీళ్ళ స్నానానికి ముందూ వెంటనే తర్వాతా వద్దు. ఒకసారి వేసింది ఎనిమిది గంటలు దాటకూడదు. అంటించాక, తీశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ముఖమూ కళ్ళూ తాకకూడదు. బొబ్బలొచ్చినా, మంట ఓర్వలేనంత ఉన్నా వెంటనే తీసేయాలి. అక్కడ ఆగి, వదిన వైపు చూసి, మిగిలిన వాక్యాన్ని ఒక్కొక్క మాటా విడదీసి చదివింది. "పట్టీ మీద కాపడం పెట్టరాదు."

"అంత చిన్న అక్షరాల్లో రాస్తే ఎలా?" అంది వదిన, ఒక కన్ను మూసుకుని.

"మిషను కాలికి బాగానే కనిపించిందిగా!" అంది షాపావిడ.

ఆ మాటకి ఇప్పుడు ఇద్దరూ నవ్వుతారు. ఆరోజు నవ్వలేదు. పెద్దమ్మ వీపు మీద రెండు చిన్న బొబ్బలు లేచాయి. డాక్టరు చూసి, చర్మం పూర్తిగా మానేదాకా ఏ పట్టీ వద్దన్నాడు. వదిన కన్ను మర్నాటికి తేరుకుంది. మనిషి తేరుకోలేదు. మాట్లాడడం మానేసింది. దెప్పడం లేదు, ఎగతాళి లేదు, తమ్ముడి ఊసు లేదు. పెద్దమ్మ దగ్గరికి రావాల్సొస్తే చేతులు వెనక్కి పెట్టుకుని వచ్చేది. ఇస్త్రీపెట్టె ఆవిరి చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ వినిపించేది కాదు.

"నొప్పైనా భరించాను గానీ, ఆ మౌనం భరించలేకపోయాను," అంది పెద్దమ్మ. "నా వీపు మీద మంట నీకెందుకు వదినా నోటికి తాళం వేసిందీ అని అడిగితే, తల దించుకునేది."

నెల గడిచాక డాక్టరు ఇంకో దారి చెప్పాడు. ఇదే మందు చాలా ఎక్కువ మోతాదులో ఉండే పట్టీ ఒకటుంది. అది షాపుల్లో దొరకదు, ఇంట్లో వేసుకునేది కాదు. ఆస్పత్రిలోనే, నేర్చుకున్నవాళ్ళే, గంటసేపు వేసి తీసేస్తారు. పనిచేస్తే రెండు మూడు నెలలు ఊరట. అందరికీ పనిచేయదు, సగం తగ్గినా గొప్పే అనుకోవాలి అని కూడా దాచకుండా చెప్పాడు.

పెద్దమ్మ చెప్పులేసుకుని లేచి నిలబడింది. "చిన్నదానికే చుక్కలు కనిపించాయి. పెద్దదా? నమస్కారం బాబూ!"

"మీకు ఎక్కువైంది మందు కాదమ్మా, వేడి. ఇక్కడ గంటసేపూ ఒక మనిషి మీ పక్కనే ఉంటుంది. వద్దనిపిస్తే మధ్యలోనైనా తీసేస్తాం," అన్నాడు డాక్టరు. ఆలోచించుకోమని, ఒప్పుకుంటే మాత్రం ఒక పని చేసుకుని రమ్మన్నాడు. నొప్పి చోటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వారంపాటు రోజూ గుర్తు పెట్టి చూసుకోవాలి. పట్టీ సరిగ్గా ఆ మేరకే వేస్తారు.

ఇంటికొచ్చి పెద్దమ్మ చాలాసేపు మిషను ముందు కూర్చుంది. గుర్తు పెట్టాల్సింది వీపు మీద. తన చెయ్యి అందదు. ఇంకెవరి చేతినీ ఆ చోటికి రానివ్వలేదు. సుద్దబిళ్ళ తీసి వదిన ముందు పెట్టింది.

"నా వల్ల కాదే," అంది వదిన. అన్ని రోజుల తర్వాత అదే మొదటి మాట. "నా చేతులు మంచివి కావు."

"నా కాలర్లన్నీ ఈ చేతుల కిందే కదా బిగిశాయి? నువ్వు గీస్తేనే వెళతాను. లేకపోతే మిషను అమ్మేస్తాను. తేల్చుకో."

వదిన చేతులు రెండుసార్లు కడుక్కుంది. మూడోసారి కూడా కడుక్కుంది. నూలు పోగు ఒకటి తీసుకుని, మంచిగా ఉన్న చోటు నుంచి లోపలికి మెల్లగా జార్చడం మొదలుపెట్టింది.

"ఇక్కడ?"

"ఊహూఁ."

"ఇక్కడ?"

"లేదు."

"ఇక్కడ?"

"అబ్బా!"

అక్కడొక సుద్ద చుక్క. మళ్ళీ ఇంకో పక్క నుంచి. చుక్కలన్నీ కలిపితే ఒక గీత. ఆ గీత మీద పల్చటి కాగితం ఆనీ ఆననట్టు పట్టుకుని ఆకారం ఎత్తేది. ఏడు రోజులు, ఏడు కాగితాలు. ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే అన్నీ ఇంచుమించు ఒకటే. చివరికి ఖాకీ కాగితం మీద అచ్చు తీసింది వదిన. అది చూసి ఇద్దరూ ఒక్కసారే, "కాలరు ముక్క!" అన్నారు. ఒక కొస సూదిగా, ఒక కొస గుండ్రంగా, నిజంగానే సగం కాలరులా ఉంది.

ఆస్పత్రిలో ఆ ఖాకీ అచ్చు చూసి నర్సు ముచ్చటపడింది. అయినా తను స్వయంగా పరీక్షించి, పెన్నుతో చర్మం మీద గీత గీసింది. తర్వాత అచ్చు ఆనించి చూసింది. అర అంగుళం తేడా, అంతే. "ఈ అచ్చు నా దగ్గర ఉంచుకోవచ్చా?" అని అడిగింది. వదిన ముఖం అప్పుడు చూడాల్సిందంటుంది పెద్దమ్మ.

ముందు ఆ చోటికి తిమ్మిరెక్కించే పూత రాసి, గంట ఆగి, కడిగి, పొడిగా తుడిచారు. కిటికీ తెరిచారు. నర్సు నీలం రంగు గ్లవ్స్ తొడుక్కుంది. మామూలు రబ్బరువి ఈ మందును ఆపలేవట. బోర్లా పడుకున్న పెద్దమ్మ తల పక్కకు తిప్పి, నర్సు కత్తెర వైపే చూస్తోంది.

"సిస్టరమ్మా, ముందు ఆ వెనక తొక్క తీసి కత్తిరించవా?"

"తీయకముందే కత్తిరించాలమ్మా. తీశాకైతే మందు కత్తెరకీ, బల్లకీ, నాకూ అంటుతుంది."

"మూల దగ్గర కత్తెర తిప్పకు, గుడ్డని తిప్పు. గుండ్రం శుభ్రంగా వస్తుంది."

నర్సు అలాగే పట్టీని తిప్పింది. గుండ్రం శుభ్రంగా వచ్చింది. "ముప్పై ఏళ్ళ అనుభవం పక్కనుంటే ఇదే లాభం," అంది.

పట్టీ అంటించారు. చల్లటి ప్యాకులు సిద్ధంగా పెట్టుకున్నారు. పావుగంటకోసారి బీపీ చూశారు, మంటకి అది పెరగవచ్చట. వదినను మందు వైపు రానివ్వలేదు. తల దగ్గర కుర్చీ వేసి, ఎడమచెయ్యి పట్టుకోమన్నారు. అరగంట దాటాక మంట మొదలైంది. పెద్దమ్మ పళ్ళు బిగించింది. చల్ల ప్యాకు పెట్టారు. తీసేయమంటారా అని నర్సు అడిగింది. పెద్దమ్మ వదిన వంక చూసింది.

వదిన పెదాలు కదిలాయి. "ఏమేవ్ మరదలా, నీ పెళ్ళిలో నా తమ్ముడు నీ కాలు తొక్కితే ఇంతకన్నా గట్టిగా అరిచావు. ఈపాటి దానికి ఇంత ముఖమా?"

"ఎనభై కిలోలుండేవాడు మీ తమ్ముడు!"

"డెబ్భై ఆరు. మిగతా నాలుగు కిలోలూ నీ పొగరు."

పెద్దమ్మ నవ్వింది. నవ్వుకి వీపు కదిలి మంట రేగింది. అబ్బా అంటూనే మళ్ళీ నవ్వింది. నర్సు, కదలొద్దమ్మా, అని కసురుతూనే తనూ నవ్వింది. మిగతా పాతిక నిమిషాలూ వదిన నోరు మూతపడలేదు.

"మంట తగ్గిందని కాదు," అంది పెద్దమ్మ నాతో. "మా వదిన తిరిగొచ్చింది. ఇక ఎంత మంటైనా ఉండనీ అనిపించింది."

గంట కాగానే నర్సు పట్టీని నెమ్మదిగా, మందు వైపు లోపలికి వచ్చేలా చుట్టుకుంటూ తీసింది. శుభ్రం చేసే జెల్లు పూసి, కాసేపు ఆగి, తుడిచి, సబ్బుతో కడిగింది. కొన్నాళ్ళు వేడినీళ్ళ స్నానం వద్దంది, ఎండ తగలనివ్వద్దంది, ఆ చోటును గోకవద్దంది. వదిన ఇంటికొచ్చీ రాగానే, మరదలికి వేడి తగలకూడదని, ఇస్త్రీ బల్లను మిషను పక్కనుంచి ఈడ్చుకుంటూ అవతలి గోడకి చేర్చింది. ఆ బల్ల ఇప్పటికీ అక్కడే ఉంది.

మొదటి రెండు రోజులు ఎండలో కందిపోయినట్టు మండింది. గుడ్డలో చుట్టిన చల్ల ప్యాకు పెట్టుకుంటూ గడిపింది. వారానికి ఫ్యాను వేసుకోగలిగింది. పది రోజులకు దుప్పటి కప్పుకుని నిద్రపోయింది. కాలర్లు నాలుగయ్యాయి, తొమ్మిదయ్యాయి. ఆశపడితే దిష్టి తగులుతుందన్నట్టు ఇద్దరూ ఆ లెక్క పైకి అనలేదు.

మూడో వారంలో ఒక పొద్దున, పెద్దమ్మ గదంతా గాలిస్తోంది. మేకు ఖాళీగా ఉంది. "వదినా, నా టేపు తీశావా? చొక్కాల కింద ఉందేమో చూడు. నీ బల్ల సర్దినప్పటి నుంచీ ఒక్కటీ చోట్లో ఉండదు కదా!"

వదిన ఇస్త్రీపెట్టె నిలువుగా పెట్టి, వెనక్కి తిరిగి చూసింది. మామూలుగానైతే పదిమందికి చెప్పుకునేంత ఎగతాళి చేయాల్సిన సందర్భం. దగ్గరికి వచ్చి, మరదలి మెడలో వేలాడుతున్న టేపు రెండు కొసలూ సరిసమానంగా సర్దింది. కుడి కొస ఆ చోటు మీదుగానే జారింది. ఉలికిపాటు లేదు.

"నొప్పి పూర్తిగా పోలేదు," అంది పెద్దమ్మ నా చొక్కా కాలరు విప్పుతూ. "చలిగాలికి ఇప్పటికీ జివ్వుమంటుంది. మళ్ళీ పెరిగితే మళ్ళీ వెళ్ళాలి. వెళతాను, భయం లేదు. నాకు ఎంతమంది చేశారో చూడు. ఆ షాపావిడ కొట్టు వదిలేసి మెట్లెక్కి వచ్చింది. ఆ నర్సు గంటసేపు నా పక్కనుంచి కదల్లేదు. ఆ కారం కనిపెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు, రోజూ పొద్దున్నే ఆయనకో దండం పెడతాను. మా వదిన సంగతి చెప్పను, చెబితే ఎగిరిపోతుంది."

"చెప్పు, చెప్పు. కిటికీలు మూసే ఉన్నాయి," అంది వదిన.

ఆరోజు మేకు ఖాళీ అయింది కదా అని, మందుల షాపావిడ విప్పి చదివిన ఆ కాగితాన్ని తీసి, వెనక బక్రం వేసి, ఇస్త్రీతో అంటించి, మేకుకు తగిలించింది వదిన. మధ్యలో గుండ్రటి మచ్చ మిషను కాలిది. మిషను కాలి కింద ఇప్పుడు నాలుగు మడతలు పెట్టిన పాత కాలరు ముక్క ఉంది. గడగడమనడం లేదు.